ఓడ వస్తేనే దీపమా?

అండమాన్ నికోబార్ దీవుల్లోని తెలుగువారికీ, ఈ దీవుల్ని సొంత ఊరు చేసుకున్న అందరికీ మనవి



జంగ్లీఘాట్‌లో తెల్లారకముందే డోంగీల్లోకి ఐసు ఎక్కించుకునేవాళ్ల కోసం ముందుగా ఈ కాగితం రాస్తున్నాం. వేటకు ఎంత దూరం పోవాలో, నీళ్ల మీద ఎన్ని రాత్రులు ఉండాలో గాలీ వానా చూసి తేల్చుకుంటారని ఒడ్డున ఉన్నవాళ్లు అనుకుంటారు. పెట్టెలో ఎంత ఐసు పడిందన్నదే అసలు లెక్క అని మీకు తెలుసు. ఆ ఐసు కరెంటుతో గడ్డకడుతుంది. మన దీవుల్లో ఆ కరెంటు ఎక్కువ భాగం డీజిల్ కాలిస్తే వస్తుంది. ఆ డీజిల్ బంగాళాఖాతం దాటి, మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడల మీద వస్తుంది. అంటే మన వలలో పడ్డ చేప చెడకుండా ఉండాలంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా అవతల ఒక ఓడ సమయానికి బయలుదేరాలి.

మాలో ఒకరి ఇంట్లో జరిగింది చెబుతాం. తండ్రీ కొడుకులు మూడు రాత్రులు వేటాడి కోనెం, సూర నిండుగా తెచ్చారు. ఒడ్డుకు వచ్చేసరికి ఆ చిన్న దీవిలో కరెంటు లేదు. జనరేటర్ ఆగింది, దాని భాగమేదో ఓడలో రావాలన్నారు. ఐసు లేదు. మధ్యాహ్నం దాటేసరికి చేప మొప్పల్లో ఎరుపు పోయింది. అడిగిన రేటుకే కొంత ఇచ్చేశారు, మిగిలింది కోసి ఉప్పు పట్టించి ఎండలో పరిచారు. రేకుల మీద కాళ్లు కాలుతుంటే ఆ తల్లి అంది: "ఇంత ఎండ కాస్తోంది, చేప ఎండబెట్టుకోడానికి తప్ప ఎందుకూ వాడుకోలేకపోతున్నాం." ఈ కరపత్రం ఆ మాట దగ్గరే పుట్టింది.

2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో 3 లక్షల 80 వేల మందిమి ఉన్నాం. నూటికి 13 మంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చిన తాతల మనవలం. ఈ దీవుల రోడ్లు, జెట్టీలు, ఇళ్లు కట్టినదాంట్లో మన చేతి కష్టం ఉంది. కరెంటు ఎక్కడి నుంచి రావాలన్న మాటలోనూ మన గొంతు వినబడాలి. బెంగాలీ, తమిళ, హిందీ, మలయాళ కుటుంబాలూ, నికోబారీ సోదరులూ పడుతున్న ఇబ్బంది కూడా ఇదే.

మెయిన్‌ల్యాండ్‌లో కరెంటు తీగలు దేశమంతా ఒకే వలలాగా అల్లుకుని ఉన్నాయి. శ్రీకాకుళంలో ఒక కేంద్రం ఆగితే మరో రాష్ట్రం నుంచి కరెంటు వస్తుంది. మనకు ఆ వల లేదు. దక్షిణ అండమాన్‌కు ఒక వ్యవస్థ, చాలా చిన్న దీవులకు దేనికి దానికే ఒక పవర్‌హౌస్. అది ఆగితే పక్క దీవి ఆదుకోలేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి ఇంటర్నెట్ తెచ్చారు, సంతోషం. ఆ ఇంటర్నెట్ చూసే ఫోన్‌కు చార్జింగ్ మాత్రం ఇంకా ఎక్కువగా డీజిల్ పొగ నుంచే.

డీజిల్ లెక్క ఒకసారి చూడండి. మంచి స్థితిలో ఉన్న జనరేటర్ లీటరు డీజిల్‌కు సుమారు మూడున్నర నుంచి నాలుగు యూనిట్లు ఇస్తుంది. లీటరు 80 రూపాయలు వేసుకున్నా ఒక్క చమురుకే యూనిట్‌కు ఇరవై రూపాయలకు తగ్గదు. ఓడ కిరాయి, యంత్రాల అరుగుదల, సిబ్బంది జీతాలు, తీగల్లో పోయే కరెంటు దానికి అదనం. మన ఇంటి బిల్లులో అంత పడదు. తేడాను ప్రభుత్వం భరిస్తోంది. బిల్లులో కనబడదు కాబట్టి మనకు నొప్పి తెలియదు. కానీ ఆ సొమ్ము మనదే. ఏటేటా కాలి పొగైపోయే ఆ డబ్బులో కొంత మన కప్పుల మీద పెట్టి ఉంటే ఇరవై ఐదేళ్లు కరెంటు ఇచ్చేది. ఈ మాట మేం బలంగా నమ్మి చెబుతున్నాం.

2004 డిసెంబర్ 26 గుర్తున్నవాళ్లకు ఇంకో సంగతి వేరే చెప్పనక్కర్లేదు. సునామీకి జెట్టీలు విరిగిపోయాయి. జెట్టీ లేకపోతే పడవ ఆగదు, పడవ ఆగకపోతే డీజిల్ పీపా దిగదు. దీవిలోనే పుట్టే కరెంటుకు జెట్టీతో పనిలేదు.

ఏమీ జరగలేదని మేం అనడం లేదు. ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ దగ్గర కల్‌పాంగ్ ఏటి మీద 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం 2001 నుంచి ఉంది. గరాచర్మాలో ఎన్‌టీపీసీ 5 మెగావాట్ల సౌర కేంద్రాన్ని 2013లో పెట్టింది. అట్టంపహాడ్, డాలీగంజ్‌లలో కలిపి ఎన్‌ఎల్‌సీ 20 మెగావాట్ల సౌర కేంద్రం కట్టింది, దానితోపాటు 8 మెగావాట్ అవర్ల బ్యాటరీ పెట్టింది. ఈ బ్యాటరీ సంగతి అందరూ అర్థం చేసుకోవాలి, ఎందుకంటే రేపు గ్రామసభలో మనం అడగాల్సింది దీని గురించే.

చిన్న దీవిలో కరెంటు వ్యవస్థ చిన్న డోంగీ లాంటిది. ఒకడు అటు నుంచి ఇటు జరిగినా ఊగుతుంది. ప్యానెళ్ల మీదకు ఒక మబ్బు వస్తే నిమిషంలో సగం కరెంటు పడిపోతుంది. ఆ లోటును అప్పటికప్పుడు పూడ్చకపోతే దీవి మొత్తం చీకటి. అందుకే పవర్‌హౌస్‌లో ఎండ దండిగా ఉన్నా డీజిల్ ఇంజన్ ఒకటి ఊరికే తిరుగుతూ ఉంటుంది. బ్యాటరీ ఆ ఊగుడును ఆపుతుంది, పగటి ఎండను రాత్రికి దాచి పెడుతుంది. 8 మెగావాట్ అవర్లంటే 8,000 యూనిట్లు. రోజుకు 8 యూనిట్లు వాడే వెయ్యి ఇళ్లకు ఒక రోజు వాడకం అది. పెద్ద దీవికి ఇది మొదటి అడుగు. కొన్ని వందల ఇళ్లున్న దీవికి మాత్రం ఇంతకంటే చాలా చిన్న బ్యాటరీ రాత్రంతా దీపం వెలిగించగలదు. అందుకే చిన్న దీవుల నుంచే మొదలుపెట్టాలంటున్నాం. అక్కడ డీజిల్ ఎక్కువ ఖరీదు, అక్కడే పని తేలిక.

మన దగ్గర మే నుంచి డిసెంబర్ దాకా వాన. ఏడాదికి మూడు మీటర్ల వర్షం పడే చోట సూర్యుణ్ణి నమ్ముకుంటే ఎలా అని అడుగుతారు. సరైన ప్రశ్నే. ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు మూడున్నర, నాలుగు యూనిట్లు ఇస్తాయి. ముసురు పట్టిన రోజు అందులో సగం కూడా రాదు. కాబట్టి డీజిల్ ఇంజన్‌ను రేపే సముద్రంలో పారేయమని మేం చెప్పడం లేదు. అది గోదాంలో గొడుగులాగా ఉండాలి. వాన పడ్డ రోజున తీయాలి, రోజూ నెత్తిన పెట్టుకుని తిరగకూడదు.

ఇదంతా కాగితం మీద కబురు కాదని చెప్పడానికి ఒక దీవి కథ.

స్కాట్లండ్ పడమటి తీరాన ఐగ్ అని ఒక దీవి. జనం నూరు మందికి అటూ ఇటూ. అందరినీ మన షహీద్ ద్వీప్‌లో ఒక మూల కూర్చోబెట్టొచ్చు. తరతరాలుగా ఆ దీవికి ఎవరో ఒక భూస్వామి యజమాని. 1997లో అక్కడివాళ్లు చందాలు పోగేసి దీవిని కొనేసుకున్నారు. కరెంటు తీగ మాత్రం బయటి నుంచి ఎప్పుడూ రాలేదు, దూరం ఎక్కువని ఎవరూ వేయలేదు. చాలా ఇళ్లకు ఒక డీజిల్ జనరేటర్, దాని మోత, దాని పొగ, దాని ఖర్చు. ఎదురుచూసి ఎదురుచూసి, 2008 ఫిబ్రవరి 1న వాళ్లే సొంత కరెంటు వ్యవస్థను నడపడం మొదలుపెట్టారు. సెలయేటి నీటితో కొంత, నాలుగు చిన్న గాలిమరలతో కొంత, ఎండతో కొంత, బ్యాటరీలు, ఏమీ లేని రోజుకు డీజిల్. ఇరవై నాలుగు గంటల కరెంటు ఆ దీవి చూడటం అదే మొదలు.

అందులో మనం నేర్చుకోవాల్సింది యంత్రాలకన్నా వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. ఏ ఇల్లైనా ఒక్కసారిగా 5 కిలోవాట్లకు మించి లాగకూడదు, వ్యాపారమైతే 10. కలిగినవాడికీ లేనివాడికీ ఒకే హద్దు. గాలి లేక, వాన లేక, ఎండ లేక కరెంటు తగ్గిన రోజుల్లో ఎర్ర దీపం గుర్తు చూపిస్తారు. వెంటనే జనం బట్టలు ఉతికే మెషీన్లు, హీటర్లు ఆపేస్తారు. ఎక్కువ పుట్టిన రోజున మిగులు కరెంటుతో ఊరి హాలును వెచ్చచేస్తారు. మరమ్మతు చేసేవాళ్లు అక్కడి మనుషులే, శిక్షణ పొంది నడుపుకుంటున్నారు. లైను తెగితే పెద్ద ఊరి నుంచి ఎవరూ రానక్కర్లేదు. మన ఊళ్లలో చెరువు నీళ్లు పంచుకోవడానికి నీరుకట్టుదారును పెట్టుకున్న జాతి మనది. వంతు ప్రకారం వాడుకోవడం మనకు కొత్తగా నేర్పక్కర్లేదు.

ఆ దీవి భూమధ్యరేఖకు చాలా ఉత్తరాన ఉంది. చలికాలంలో ఎండ ముఖం చూడటమే కష్టం. వాళ్లు చేయగలిగింది, ఏడాదిలో చాలా నెలలు సూర్యుడు నడినెత్తికి దగ్గరగా నడిచే మనం చేయలేమా?

మన బంగాళాఖాతంలోనే ఇంకో పాఠం ఉంది. సుందర్‌బన్స్‌లోని సాగర్ దీవిలో కమల్‌పూర్ అనే ఊళ్లో 1996లో 26 కిలోవాట్ల సౌర కేంద్రం పెట్టారు. గంగాసాగర్ మేళా జరిగే దీవి అదే. సాయంత్రం కొన్ని గంటలు ఇళ్లకు దీపాలు వెలిగేవి, వాడుకునేవాళ్ల సంఘమే నెలవారీ రుసుము వసూలు చూసుకునేది. ఆ తరవాత ఆ ప్రాంతంలో ఇలాంటివి చాలా వచ్చాయి. అప్పటి సీసం బ్యాటరీలు కొన్నేళ్లకే మార్చాలి, మార్చడానికి డబ్బు ముందుగా దాచి ఉండాలి. దాచిన చోట దీపం నిలిచింది. ప్రారంభోత్సవం రోజు ఫొటోలు అందరికీ ఉంటాయి. ఎనిమిదో ఏడు బ్యాటరీ ఎవరి డబ్బుతో మారుస్తారన్న ప్రశ్నకు ముందే జవాబు ఉండాలి. మన దగ్గర ఏ పథకం వచ్చినా మొదటి రోజే ఈ ప్రశ్న అడగండి.

పసిఫిక్‌లో తొకెలావ్ అని మూడు పగడపు దిబ్బలు, పదిహేను వందల మందికి అటూ ఇటూ జనం. 2012లో మూడింటిలోనూ 4,032 ప్యానెళ్లు, 1,344 బ్యాటరీలు పెట్టి, పడవల్లో డీజిల్ పీపాలు మోసుకొచ్చే బతుకును చాలామటుకు వదిలించుకున్నారు. డెన్మార్క్‌లో సామ్సో దీవి రైతులు 2000 నాటికి 11 గాలిమరలు నిలబెట్టారు. తొమ్మిదింటికి రైతులే యజమానులు, రెండు చిన్న చిన్న వాటాలు కొన్న జనానివి. గాలిమర తిరుగుతుంటే ఆదాయం వాళ్ల ఇంటికే వస్తుంది కాబట్టి దాని చప్పుడు గురించి పెద్దగా గొడవ రాలేదు. మన లక్షద్వీప్‌లో కవరత్తిలో కూడా 2024 జనవరిలో బ్యాటరీతో కూడిన సౌర కేంద్రం మొదలైంది.

మరి మనకు స్థలం ఎక్కడుంది? ఈ దీవుల నేలలో అత్యధిక భాగం అడవి. జారవా, ఓంగే, షోంపెన్, నికోబారీల భూములు వాళ్లవి. సౌర విద్యుత్ పేరు చెప్పి ఒక్క చెట్టు కొట్టడానికీ, గిరిజనుల భూమిలో వాళ్ల అనుమతి లేకుండా ఒక్క మేకు దిగ్గొట్టడానికీ మేం ఒప్పుకోం. అడవి పోతే నీళ్లు పోతాయి, మట్టి సముద్రంలోకి కొట్టుకుపోయి పగడాలు చస్తాయి, చేప పోతుంది. అవసరమైన స్థలం మన నెత్తి మీదే ఉంది. బడి కప్పు, ఆసుపత్రి కప్పు, పంచాయతీ కప్పు, గోదాం కప్పు, చేపల మార్కెట్ కప్పు, మన ఇంటి కప్పు.

ఇంటి కప్పు లెక్క. మూడు కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగుల చోటు కావాలి. రోజుకు సగటున 11 యూనిట్లు వస్తాయనుకుందాం. పవర్‌హౌస్‌లో రోజుకు మూడు లీటర్ల డీజిల్ మిగులుతుంది. వెయ్యి ఇళ్లు పెట్టుకుంటే రోజుకు మూడు వేల లీటర్లు, అంటే 200 లీటర్ల పీపాలు పదిహేను. రోజుకు పదిహేను పీపాలు ఓడ ఎక్కవు, జెట్టీలో దిగవు, లారీ ఎక్కవు, సముద్రంలో ఒలకవు.

2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు మామూలు రాష్ట్రాల్లో 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు. మనలాంటి దీవులకూ కొండ రాష్ట్రాలకూ ఇంకొంచెం ఎక్కువ, 85,800 రూపాయలు. నియమాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు కనుక్కోండి. మనం ఇచ్చిన కరెంటునూ, వాడుకున్న కరెంటునూ లెక్కగట్టే నెట్ మీటర్ పెట్టించుకోండి. రేకుల ఇల్లైతే కింది కలప దూలాలు బరువు మోస్తాయో లేదో మేస్త్రీకి చూపించాకే పెట్టండి. మనది భూకంపాల ముప్పు చాలా ఎక్కువగా ఉన్న ప్రాంతం, తుపాను గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఉప్పు గాలికి మామూలు ఇనుప బోల్టు కొన్నేళ్లకే తుప్పుపట్టి పొడైపోతుంది, గాల్వనైజ్ చేసిన ఫ్రేము, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు అడగండి. చవకని ఇంకోటి అంటగడితే తీసుకోవద్దు.

ఇక్కడ మా మనసులో ఉన్న ముఖ్యమైన మాట. సబ్సిడీ సొంత ఇల్లు, సొంత మీటరు ఉన్నవాడికే అందుతుంది. అద్దె గదుల్లో ఉన్న కూలీ కుటుంబాలు, పట్టా లేని నేల మీద రేకులు వేసుకుని మూడు తరాలుగా బతుకుతున్న జాలరి కుటుంబాలు ఎక్కడికి పోవాలి? వాళ్లకు కప్పు తమది కాదు, కాగితం లేదు. కాబట్టి ఊరి ఉమ్మడి కప్పుల మీద ఉమ్మడి ప్యానెళ్లు ముందు రావాలి. వచ్చిన కరెంటు మొదట ఐసు ఫ్యాక్టరీకి, ఆసుపత్రిలో మందుల ఫ్రిజ్‌కు, మంచినీళ్ల పంపుకు పోవాలి. ఐసు పగటిపూట ఎండతో గడ్డకట్టించుకోవచ్చు. అది కూడా ఒక రకం బ్యాటరీయే, పైగా చవకైనది. చేపలు పట్టే దీవికి ఇంతకన్నా సరిపోయే మొదటి పని మాకు కనబడలేదు.

అందుకని మనమంతా కలిసి అడగవలసినవి ఇవి. ప్రతి దీవి పవర్‌హౌస్ గోడ మీద నెలనెలా ఎన్ని లీటర్లు కాలింది, ఎన్ని యూనిట్లు వచ్చాయి, ఎన్ని గంటలు ఆగింది రాసి అంటించాలి, హిందీలోనూ మన భాషల్లోనూ. కొత్త ప్రభుత్వ భవనం ఏది కట్టినా కప్పు ప్యానెళ్లను మోసేలాగే కట్టాలి. ప్రతి చేపల రేవులో ఎండతో నడిచే ఐసు, కోల్డ్ స్టోరేజీ ఉండాలి. పహర్‌గావ్ అంబేద్కర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఐటీఐలో మన పిల్లలకు సౌర ప్యానెళ్లు, బ్యాటరీల పని నేర్పి, నేర్చినవాళ్లను సొంత దీవిలోనే నియమించాలి. యాభై రూపాయల ఫ్యూజు కోసం ఓడ కోసం చూసే రోజు పోవాలి. బ్యాటరీ మార్పు నిధి మొదటి నెల నుంచే జమ కావాలి, దాని పాసుపుస్తకం గ్రామసభ చూడాలి. పాడైన బ్యాటరీలు, ప్యానెళ్లు తిరిగి మెయిన్‌ల్యాండ్‌కు తీసుకుపోయే బాధ్యత అమ్మినవాడిదే అని ఒప్పందంలో రాయాలి. విషం మన మడ అడవుల్లో పడకూడదు.

మహిళలకు ఒక మాట. కరెంటు పోతే ఇంట్లో మొదట ఇబ్బంది పడేది మీరు. నీళ్ల మోటారు, ఫ్రిజ్‌లో పెట్టిన చేప, పరీక్షలకు చదువుకునే పిల్లలు, రాత్రి ఉక్కలో నిద్రపట్టని పసిబిడ్డ, అన్నీ మీ మీదే. స్వయం సహాయక సంఘాల్లో ఈ విషయం ఎజెండాలో పెట్టండి. పొదుపు లెక్కలు పైసా తేడా లేకుండా రాసే మీ చేతికి బ్యాటరీ నిధి లెక్క అప్పగిస్తే అది ఎక్కడికీ పోదు.

యువకులారా! ఈ వారం మీ వీధిలో ఒక్క పని చేయండి. నోట్‌బుక్ తీసుకుని, ఏ రోజు ఎన్ని గంటలకు కరెంటు పోయింది, ఎన్ని గంటలకు వచ్చింది రాయండి. ముప్పై రోజులు రాస్తే అది ఎవరూ కాదనలేని కాగితం అవుతుంది. మీ ఊళ్లో ప్రభుత్వ కప్పులు ఎన్ని ఉన్నాయో, అందులో దేని మీద నీడ పడదో లెక్కపెట్టండి. ఆ జాబితా ప్రధాన్‌కు, వార్డు కౌన్సిలర్‌కు ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి.

ఈ కాగితం చదివాక చింపేయకండి, పక్కింటివాళ్లకు ఇవ్వండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి, తెలుగు రానివాళ్లకు హిందీలో చెప్పండి. వచ్చే గ్రామసభకు మీ ఇంటి కరెంటు బిల్లు, ఆ నోట్‌బుక్ పట్టుకుని రండి.

ఇట్లు,
మీ తోటి దీవివాసులు
పోర్ట్‌బ్లెయిర్, ఇప్పటి శ్రీ విజయపురం